వాదము దోషము కాదు, దండము దోషము
క్రీస్తు స్వరూప వివాదంపై అధికరణ పద్ధతిలో ఒక విచారణ

శ్రీ గురుభ్యో నమః.

ఇటీవల ఇద్దరు వేర్వేరు వ్యక్తులు పరస్పర విరుద్ధమైన రెండు మాటలను సమాన నిశ్చయంతో నా ఎదుట పలికారు. మొదటివాడు మన సంప్రదాయాభిమాని. "నైసియా సభలో బిషప్పులు ఓట్లు వేసి ఒక మనుష్యుణ్ణి దేవుణ్ణి చేశారు. ఆ మతం కథ అంతటితో సరి" అన్నాడు. రెండవవాడు క్రైస్తవ ప్రచారకుడు. "మీ ఆచార్యులు ముగ్గురు మూడు దారులు. ఒకరు అభేదమంటారు, ఒకరు విశిష్టమంటారు, ఒకరు భేదమంటారు. మా విశ్వాసం ఆదినుండి ఒకే మాట" అన్నాడు. ఈ రెండు మాటలూ అసత్యాలే. మొదటిది మనవాడు పలికినది కనుక దానిని ముందుగా ఖండించవలసిన బాధ్యత మనదే. పూర్వపక్షాన్ని యథాతథంగా నిలుపలేనివానికి సిద్ధాంతం చెప్పే అధికారం లేదన్నది మన శాస్త్రమర్యాద. ఆ మర్యాదను పరమతం విషయంలో విడిచిపెట్టవచ్చునని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. అందుచేత అధికరణ క్రమంలోనే విచారిద్దాం.

విషయము

క్రీస్తుశకం 325లో రోమక చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆహ్వానంపై నైసియా నగరంలో బిషప్పుల మహాసభ జరిగింది. అది నేటి తుర్కియే దేశంలోని ఇజ్నిక్. సభకు వచ్చినవారు 318 మంది అని సంప్రదాయ గణన. సమకాలికుల లెక్కలు 250కి పైన అనీ, సుమారు 300 అనీ భిన్నంగా ఉన్నాయి. వివాదం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టింది. అక్కడి ప్రెస్బిటర్ ఏరియస్ ఒక పక్షం, బిషప్పు అలెగ్జాండర్ ఒక పక్షం. అలెగ్జాండర్ వెంట వచ్చిన యువకుడు అథనేషియస్ తరువాతి కాలంలో ఆ పక్షానికి ప్రధాన వాదిగా నిలిచాడు. తండ్రి, కుమారుడు "సమాన సత్తాకులు" అనే అర్థం గల హోమోఊసియోస్ అను గ్రీకు పదాన్ని సభ తన విశ్వాస ప్రమాణంలో చేర్చింది. ఏరియస్‌తోపాటు అంగీకరించని ఇద్దరు బిషప్పులు, సెకుండస్, థియోనాస్, దేశబహిష్కృతులయ్యారు.

సంశయము

ఈ సభ లేని దైవత్వాన్ని క్రీస్తుకు కట్టబెట్టిందా? లేక ఆదినుండి నిర్వివాదంగా ఉన్నదానినే ప్రకటించిందా? రెండూ కాకపోతే జరిగినదేమిటి?

ప్రథమ పూర్వపక్ష ఖండనము

"నైసియాలో దేవుణ్ణి తయారుచేశారు" అను పక్షం ప్రమాణ విరుద్ధం. సభకు రెండు శతాబ్దాలకు పూర్వమే, సుమారు 112లో, బిథీనియా పాలకుడైన ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఒక లేఖ వ్రాశాడు. క్రైస్తవులు వేకువజామున కూడి క్రీస్తును దేవునిగా భావించి స్తోత్రం చేస్తున్నారని అందులో తెలిపాడు. ప్లినీ క్రైస్తవుడు కాడు. వారిని దండించిన అధికారి. పక్షపాత శంకకు అవకాశం లేని సాక్షి. అంతకు ముందే, మొదటి శతాబ్ది మధ్యకాలంలో, పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో క్రీస్తు దైవరూపం కలిగినవాడుగా వర్ణింపబడ్డాడు. కనుక క్రీస్తును ఆరాధ్యునిగా గ్రహించడం నైసియాకు పూర్వసిద్ధం.

మరొక విశేషం చూడండి. ఏరియస్ కూడ క్రీస్తును దేవుడనే అన్నాడు. లోకసృష్టికి పూర్వుడనీ, సర్వసృష్టికి ద్వారమనీ ఒప్పుకొన్నాడు. "దేవుడా, కాడా" అన్నది అక్కడ వివాదమే కాదు. "ఏ అర్థంలో దేవుడు?" అన్నదే వివాదం. ముఖ్యార్థంలోనా, గౌణార్థంలోనా? ఈ భేదం తెలియక "ఓట్లు వేసి దేవుణ్ణి చేశారు" అని ప్రచారం చేయడం పండితుని లక్షణం కాదు. బైబిలు గ్రంథాల పట్టికను కూడ అక్కడే నిర్ణయించారని కొందరు కలుపుతుంటారు. ఆ సభ నిర్ణయాలలో అట్టిది లేదు.

ద్వితీయ పూర్వపక్ష ఖండనము

ఇక "ఆదినుండి ఒకే మాట" అను పక్షం. ఇదీ నిలువదు. హోమోఊసియోస్ అను పదం వారి శ్రుతిస్థానంలో ఉన్న గ్రంథంలో ఎక్కడా లేదు. పైగా 268లో ఆంటియోక్ సభ సమోసాటా పౌలును బహిష్కరించినప్పుడు ఈ పదప్రయోగాన్నే నిరాకరించిందని నైసియా పక్షపాతులైన అథనేషియస్, హిలరీల వ్రాతల వలననే తెలుస్తున్నది. ఒక సభ త్రోసివేసిన శబ్దం 57 ఏండ్లకు మరొక సభలో విశ్వాస పరీక్షకు నికషమైంది. రెండు చోట్ల అర్థం వేరని వారి సమాధానం. అట్లే కానిండు. అర్థం వక్తృవివక్షను బట్టి మారుతుందని వారే ఒప్పుకొన్నట్లయింది. ఈ అంగీకారాన్ని జ్ఞాపకం ఉంచుకొందాం, తరువాత పనికివస్తుంది.

నైసియాకు పూర్వుల మాటలు చూద్దాం. రెండవ శతాబ్దికి చెందిన జస్టిన్ కుమారుణ్ణి సృష్టికర్త కంటె సంఖ్యచేత అన్యుడైన దేవునిగా చెప్పాడు. మూడవ శతాబ్దిలో ఆరిజెన్ "రెండవ దేవుడు" అను మాటను సంకోచం లేక వాడాడు. వీరిలో జస్టిన్ హతసాక్షిగా నేటికీ పూజ్యుడు. ఆరిజెన్ వంటి గ్రంథవ్యాఖ్యాత ఆ కాలంలో మరొకడు లేడు. నైసియా కొలబద్దతో కొలిస్తే వీరి మాటలు తప్పుతాయి.

నైసియా తరువాత సైతం మాట ఒక్కటి కాలేదు. 359లో చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఆజ్ఞతో రిమినీలో 400 మందికి పైగా బిషప్పులు కూడారు. నైసియా కంటె పెద్ద సభ అది. మొదట వారిలో అధికసంఖ్యాకులు నైసియా మాటనే సమర్థించారు. చక్రవర్తి ప్రతినిధులు వారిని స్వస్థానాలకు పోనీయక నిలిపి, హోమోఊసియోస్‌ను విడిచిన మరొక ప్రమాణంపై సంతకాలు చేయించారు. సంఖ్యాబలమే ప్రమాణమైతే రిమినీయే ప్రమాణం కావాలి. రాజాజ్ఞ ప్రమాణమైతే అదీ రిమినీకి ఉన్నది. అయినా నేటి చర్చి రిమినీని త్రోసివేసి నైసియాను నిలుపుకొన్నది. కనుక ప్రామాణ్యం సభకున్నదా, సభ నిర్ణయాన్ని తరువాత స్వీకరించినవారికున్నదా అను ప్రశ్న మిగిలే ఉన్నది.

వాదసారము

ఇంతవరకు చరిత్ర. వివాదంలోని తత్త్వాన్ని చూడక చరిత్రను మాత్రమే పరిహసించడం అల్పబుద్ధి.

ఏరియస్ యుక్తి ఇది. కుమారుడన్నప్పుడు జన్యత్వం ఉన్నది. జన్యమైనదానికి ప్రాగభావం తప్పదు. ప్రాగభావం గలది పరమార్థతః ఈశ్వరుడు కాజాలదు. అజుడు, అనాది, అవికారి అయినవాడు ఒక్కడే. సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో జ్ఞానం తనను ప్రభువు సృష్టించాడని చెప్పుకొనే వాక్యాన్ని అతడు ఆశ్రయించాడు. తండ్రి తనకంటె గొప్పవాడని యోహాను సువార్తలో క్రీస్తే పలికిన మాటనూ చూపాడు. ఇతని తపన ఏకత్వ రక్షణ. మన నైయాయికుడెవడైనా ఈ అనుమానాన్ని విని సరళంగా ఉన్నదనే అంటాడు.

అథనేషియస్ యుక్తి వేరు. సూర్యుడున్నప్పుడు ప్రభ లేని క్షణం లేదు. ప్రభ సూర్యునినుండి పుట్టినదే, అయినా సూర్యుని తరువాత పుట్టినది కాదు. జన్యత్వమంతా కాలపూర్వకం కానక్కరలేదు. పైగా కుమారుడు సృష్టిలోనివాడే అయితే అతనిని ఆరాధించడం సృష్ట పదార్థారాధనమే అవుతుంది. సృష్టిలోనివాడు సృష్టిని ఈశ్వరునితో కలుపజాలడు. తానే మరొకరి ఆలంబనం కోరేవాడు పరులకు మోక్షం ఇవ్వజాలడు. ఇతని తపన మోక్షోపపత్తి. ప్రభాప్రభావత్ దృష్టాంతం శ్రీభాష్యం చదివినవారికి క్రొత్తది కాదు.

గమనించండి: ఒకనికి ఏకత్వం పోతుందని భయం, మరొకనికి మోక్షం పోతుందని భయం. రెండూ తత్త్వజిజ్ఞాసువు భయాలే. ఇందులో పరిహసించదగినది ఏమున్నది?

తరువాతి శతాబ్దపు ప్రశ్న మరింత సూక్ష్మం. ఒకే ధర్మిలో సర్వజ్ఞత్వం, అజ్ఞత ఎట్లా పొసగుతాయి? ఆకలిగొన్నవాడు, కన్నీరు పెట్టినవాడు, అంత్యదినాన్ని తానెరుగనన్నవాడు ఈశ్వరుడెట్లా? క్రీస్తులో మానవబుద్ధి స్థానాన్ని దైవవాక్కే ఆక్రమించిందని అపొలినారిస్ అన్నాడు. బుద్ధి లేనిది పూర్ణ మనుష్యత్వం కాదు, ఈశ్వరుడు స్వీకరించని అంశం బాగుపడదు అని నజియాంజస్ గ్రెగొరీ దానిని ఖండించాడు. కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్ మరియమ్మను థియోటోకోస్, అనగా దేవజనని, అనడానికి సంకోచించాడు. ఈశ్వరస్వభావానికి జన్మ ఎక్కడిదని అతని శంక. అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ కర్త ఒక్కడేనని పట్టుబట్టాడు. చివరకు 451లో కాల్సిడన్ సభ ఒక వ్యక్తి, రెండు స్వభావాలు అని నిర్ణయించింది. వాటి సంబంధాన్ని నాలుగు నిషేధాలతో చెప్పింది: సంకరం లేదు, వికారం లేదు, విభాగం లేదు, వియోగం లేదు.

ఇట్టి ప్రశ్నను మనవారు ఉపాధిభేదంతో పరిష్కరిస్తారు. లేదా శరీరశరీరి భావంతో. లేదా అవతార దేహం అప్రాకృతమని చెప్పి ఆకలి, దుఃఖాలను లీలగా గ్రహిస్తారు. ఆ మూడవ మార్గాన్ని పోలిన డొసెటిక్ పక్షాన్ని, అనగా దేహం ఆభాసమాత్రమను వాదాన్ని, క్రైస్తవులు తొలినాడే నిరాకరించారు. అవతారవాదం, వారి శరీరధారణవాదం ఒక్కటే అని తేలికగా చెప్పే సమన్వయవాదులు ఈ భేదాన్ని గుర్తించాలి.

సిద్ధాంతము

క్రీస్తు స్వరూప సిద్ధాంతం ఆకాశం నుండి అక్షరబద్ధంగా దిగిరాలేదు. ఒక రోజున ఓట్లతో కల్పింపబడనూ లేదు. పూర్వసిద్ధమైన ఉపాసన ఉన్నది. దానిని ప్రమాణయుక్తంగా చెప్పడానికి నాలుగు శతాబ్దాల వాదం నడిచింది. వాదం వలన పుట్టినంత మాత్రాన ఒక మాట అసత్యం కాదు. అట్లా అయితే బ్రహ్మసూత్ర భాష్యాలన్నీ అసత్యాలు కావలసివస్తుంది. వాదం వారికి దోషం కాదు, మనకూ కాదు.

మరి దోషం ఎక్కడ? వాదం నడుమ దండం ప్రవేశించిన చోట.

కాన్‌స్టంటైన్ నైసియా తరువాత ఏరియస్‌ను వెడలగొట్టాడు, తరువాత పిలిపించాడు. పిదప అథనేషియస్‌నే ట్రియర్‌కు పంపాడు. 337లో మరణశయ్యపై అతనికి జ్ఞానస్నానం ఇచ్చినవాడు ఏరియస్ మిత్రుడైన నికోమీడియా యూసేబియస్. అథనేషియస్ ఐదుమార్లు బహిష్కృతుడై సుమారు 17 ఏండ్లు తన పీఠానికి దూరంగా గడిపాడు. సత్యం మారలేదు, చక్రవర్తి చిత్తం మారింది. 380లో థియొడోసియస్ శాసనం త్రిత్వవాదులకు మాత్రమే కాథలిక్కులను పేరును నిలిపి, తక్కినవారికి దైవదండనను, తన దండనను వాగ్దానం చేసింది. 431లో ఎఫెసస్ సభను సిరియా బిషప్పులు రాకమునుపే సిరిల్ ప్రారంభించి నెస్టోరియస్‌ను పదచ్యుతుణ్ణి చేయించాడు; కొద్దిరోజులకు వచ్చినవారు వేరుగా కూడి సిరిల్‌ను పదచ్యుతుడన్నారు. ఏడవ శతాబ్దిలో క్రీస్తుకు రెండు సంకల్పశక్తులు ఉన్నవని వాదించిన మాక్సిమస్‌కు రాజాజ్ఞచే నాలుకను, కుడిచేతిని ఖండించారు. 662లో అతడు ప్రవాసంలో మరణించాడు. 681లో ముగిసిన సభ అతని సిద్ధాంతమే సత్యమని నిర్ణయించింది. ఖండించిన నాలుక తిరిగి మొలవదు.

ఇక్కడ మా ప్రధాన యుక్తి. కాల్సిడన్ నాలుగు నిషేధాలతో చెప్పినది ఏమిటి? రెండు స్వభావాల ఐక్యం ఎట్టిదో విధిముఖంగా చెప్పలేమనే. నిషేధముఖ నిరూపణం మాకు అపరిచితం కాదు. దానిని మేము గౌరవిస్తాం. కానీ స్వరూపం వచనాతీతమని అంగీకరించినవారు వచనభేదానికి దండన విధించడం ఏ న్యాయం? హోమోఊసియోస్ విషయంలో శబ్దం ఒక్కటే అయినా అర్థం వేరని చెప్పినవారు, శబ్దం వేరైనా అర్థం ఒకటి కావచ్చునని ప్రత్యర్థి విషయంలో ఎందుకు తలచలేదు?

ఇది మా కల్పన కాదు. 1973లో రోము పోపు ఆరవ పౌలు, ఈజిప్టు కోప్టుల అధిపతి మూడవ షెనూదా కలిసి క్రీస్తు విషయంలో ఉమ్మడి విశ్వాసాన్ని ప్రకటించారు. 1994లో పోపు రెండవ జాన్ పాల్, అస్సీరియన్ చర్చి అధిపతి నాలుగవ మార్ దిన్‌ఖా మరొక ప్రకటనపై సంతకం చేశారు. దేవజనని అనడం, క్రీస్తుజనని అనడం రెండూ ఒకే విశ్వాసాన్ని చెప్పే మాటలని అంగీకరించారు. నాటి చీలికలకు చాలవరకు అపార్థాలే కారణమన్నారు. ఇది అభినందనీయం. కానీ నడుమ గడచినవి 15 శతాబ్దాలు. నెస్టోరియస్ గ్రంథాలను తగులబెట్టవలెనని 435లో శాసనం వెలువడింది. అతడు చివరిదశలో ఇచ్చుకొన్న సమాధానం సిరియాక్ అనువాదంలో దాగి, 1910లో గాని అచ్చు కాలేదు. ప్రతివాది మాట వినడానికి అంత కాలం పట్టింది.

ఈ కథ మన నేలను కూడ తాకింది. కేరళలోని మార్ తోమా క్రైస్తవులు శతాబ్దాల తరబడి ఆ తూర్పు చర్చి సంప్రదాయంలోనే ఉండేవారు. హిందూ రాజుల క్రింద వారిని నీ క్రీస్తుకు ఎన్ని స్వభావాలని ఎవరూ నిలదీయలేదు. 1599లో గోవా ఆర్చిబిషప్పు మెనెజిస్ ఉదయంపేరూరులో సభ జరిపి, వారి సిరియాక్ గ్రంథాలను దిద్దుబాటుకో దహనానికో అప్పగించవలెనని విధించాడు. నెస్టోరియస్ స్మరణను నిషేధించాడు. ఆ నిర్బంధంపై రగిలిన క్షోభే 1653లో మట్టాంచేరిలో శిలువ ఎదుట చేసిన ప్రతిజ్ఞకు దారితీసింది. భారతదేశంలో క్రైస్తవుల గ్రంథాలను తగులబెట్టించినవారు క్రైస్తవులే.

ఆక్షేప సమాధానము

"మీ ఇంట దండం లేదా?" అని అడుగవచ్చు. అడగాలి. చోళరాజు నిర్బంధం వలన శ్రీరామానుజులు మేలుకోటకు తరలవలసివచ్చిందనీ, కూరత్తాళ్వార్ కన్నులు కోల్పోయారనీ శ్రీవైష్ణవ సంప్రదాయమే చెబుతున్నది. అది పాపమే. దానిని సమర్థించేవాడు ధర్మం ఎరుగనివాడు. చార్వాకుల మూలగ్రంథాలు మనకు దక్కలేదు. వారి మాటలు ప్రతివాదుల పుటలలోనే మిగిలాయి. ఏరియస్ గతి కూడ అదే. ఈ నష్టాన్ని దాచడం మాకు ఇష్టం లేదు.

అయినా ఒక భేదం ఉన్నది. మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం చార్వాకునితోనే ప్రారంభమవుతుంది. వాచస్పతి మిశ్రులు పరస్పరం ఖండించుకొనే దర్శనాలకు ఒక్కొక్కదానికి దాని పక్షాన నిలిచే వ్యాఖ్య వ్రాశారు. శ్రీభాష్యంలోని మహాపూర్వపక్షాన్ని చదివిన అద్వైతి తన మతం ఇంత చక్కగా చెప్పబడిందే అని ఆశ్చర్యపోతాడు. రామానుజులను వెళ్లగొట్టిన రాజు చేసినది సిద్ధాంత నిర్ణయం అని ఏ వేదాంతీ అంగీకరించడు. అక్కడో, రాజు పిలిచిన సభ, రాజు అమలుపరచిన నిర్ణయం సిద్ధాంతంలోనే అంతర్భాగమై నిలిచిపోయాయి.

ప్రయోజనము

అథనేషియస్ పేరుతో చలామణి అయ్యే, నిజానికి అతడు వ్రాయని ఒక లాటిన్ విశ్వాస ప్రమాణం ఉన్నది. త్రిత్వాన్ని అది చెప్పిన రీతిలో గ్రహించనివాడు నశిస్తాడని దాని నిర్ణయం. మా వీధిలో కరపత్రం పంచిన ప్రచారకుడు చెప్పినదీ దాని ఛాయే. అతనికి మా ప్రశ్న ఒక్కటే. జస్టిన్ నశించాడా? కుమారుణ్ణి రెండవ దేవుడన్న ఆరిజెన్ మాటలు విని ప్రాణాలు అర్పించిన శిష్యులు నశించారా? "లేదు, వారికి సూత్రం స్ఫుటం కాలేదు, భావం శుద్ధం" అంటే, ఆ కరుణను మేము శిరసా వహిస్తాం. కానీ సూత్రం తెలియని పూర్వులకు వర్తించిన కరుణ, సూత్రాన్ని విచారించి భిన్నంగా గ్రహించిన మాకు ఎందుకు వర్తించదు? "నశించారు" అంటే, ఆదినుండి ఒకే మాట అను ప్రతిజ్ఞ అతని నోటనే భగ్నమైంది. మూడవ గతి మాకు కనబడదు.

మన మిత్రునికీ ఒక మాట. పరపక్షాన్ని వికృతం చేసి గెలిచిన గెలుపు జల్పం కూడ కాదు, వితండ కంటె నీచం. "ఓట్లతో దేవుణ్ణి చేశారు" అను వాక్యాన్ని ఇకముందు పంచకు. దాని స్థానంలో ప్లినీ లేఖనూ, రిమినీ సంతకాలనూ, మాక్సిమస్ నాలుకనూ జ్ఞాపకం ఉంచుకో. నిజం చాలినంత పదునుగానే ఉన్నది. దానికి అబద్ధపు సాన అవసరం లేదు. ఆ మాక్సిమస్ నాలుకను తలచినప్పుడు పరమతం మీద కోపం కంటె, మన పీఠాలకూ సభలకూ రాజదండం ఎప్పుడూ అండ కాకూడదన్న జాగరూకతే మిక్కుటం కావాలి. తన సిద్ధాంతం సత్యమని నమ్మినవాడు ప్రతివాది నోరు మూయించడు. అతనికి ఆసనం వేసి, "చెప్పండి, వింటాము" అంటాడు.

ఇతి శమ్.